సీఏ ఇంటర్: ర్యాంకు కోసం చదవాలా, పాసైతే చాలా?

పల్నాడు_కామర్స్
అందరికీ నమస్కారం. గుంటూరులో హాస్టల్లో ఉండి సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీలో ఫౌండేషన్ తర్వాత, ఫైనల్‌కి ముందు వచ్చే మెట్టు) చదువుతున్నాను, వచ్చే మే అటెంప్ట్‌కి రెండు గ్రూపులూ కలిపి రాయాలి. మా క్లాసులో మొదటి రోజు నుంచీ ర్యాంకు మాటే. వారం పరీక్షల్లో 70 దాటినవాళ్లకి వేరే బ్యాచ్, వేరే రివిజన్. నాకు 50, 55 దగ్గర వస్తున్నాయి, ఆడిట్‌లో ఒక్కోసారి 42. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తా, ఆయనకి పక్కింటివాళ్లు ఎవరో చెప్పారట, సీఏలో ర్యాంకు రాకపోతే మంచి చోట తీసుకోరని. నాకైతే పాసై ఆర్టికల్‌షిప్‌లో (సీఏల దగ్గర పని నేర్చుకునే శిక్షణలో) చేరితే చాలనిపిస్తోంది. ఈ మాట క్లాసులో అంటే "అలా అనుకునేవాళ్లే ఫెయిలవుతారు" అన్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, లా, ఆడిట్ రాయాలంటే ఇంగ్లిష్ వాక్యం కుదరడానికే సగం టైం పోతోంది. రాసినవాళ్లు ఎవరైనా నిజం చెప్పండి, పాస్ కోసం చదవడం అంత తప్పా?

గోదావరి_ఆడిటర్
తప్పేం కాదమ్మా. రాజమండ్రిలో ప్రాక్టీస్ చేస్తున్నాను, ఇన్నేళ్లలో ఒక్క క్లయింటు కూడా ఇంటర్లో నీకెన్ని మార్కులని అడగలేదు. మనం చేసే ప్రతి ఆడిట్ రిపోర్టు మీద, సర్టిఫికెట్ మీద సంతకంతో పాటు మెంబర్‌షిప్ నంబరు, 18 అక్షరాలు, అంకెల యూడీఐఎన్ (ఆ పత్రం అసలుదేనని సరిచూసుకునే నంబరు) ఉండాలి, అంతే. మార్కులు రాసే గడి ఎక్కడా లేదు. ర్యాంకర్ సంతకానికీ నా సంతకానికీ చట్టం దృష్టిలో తేడా లేదు, తప్పు చేస్తే ఇద్దరికీ ఒకటే శిక్ష.

నాన్నగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పు. ఆయన భయం నీ భవిష్యత్తు గురించే.

లెక్కల_మనిషి
ఆడిటర్ గారు చెప్పింది నిజమే, కానీ ఇక్కడ పాస్ అంటే ఏంటో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే చాలామంది పాస్ అంటే 40 అనుకుని దాని చుట్టూ ప్లాన్ వేసుకుంటారు. ఒక్కో పేపర్లో 40 రావాలి, గ్రూపు మొత్తం మీద 50 శాతం కూడా రావాలి. మూడు పేపర్ల గ్రూపులో మూడు 40లు వస్తే 120. కావాల్సింది 150. అంటే ఒక పేపర్లో 40 తెచ్చుకున్న మనిషి మిగతా రెండు పేపర్లలో కలిపి 110 తెచ్చుకుని తీరాలి. మా రూమ్‌మేట్‌కి 55, 48, 45 వచ్చాయి. ఏ పేపరూ పోలేదు, గ్రూపు పోయింది, మొత్తం 148.

ఇంకోటి, రెండు గ్రూపులూ ఒకేసారి రాస్తే మొత్తం 600కి 300 వచ్చి, ప్రతి పేపర్లో 40 ఉంటే రెండూ పాస్. ఉదాహరణకి మొదటి గ్రూపులో 58, 56, 60 అంటే 174. రెండో గ్రూపులో 42, 44, 41 అంటే 127. విడిగా రాస్తే ఆ 127తో రెండో గ్రూపు పోయినట్టే, కలిపి రాసింది కాబట్టి 301తో రెండూ వచ్చేస్తాయి. అందుకని చెల్లీ, నువ్వు బలంగా ఉన్న పేపర్లలో 65, 70కి వెళ్లడం గొప్ప కోసం కాదు, ఆడిట్‌లో వచ్చే ఆ 42ని మోయడానికి.

అమీర్‌పేట_ఆర్టికల్
+1. దీనికి ఎగ్జెంప్షన్ సంగతి కూడా కలపండి. గ్రూపు పోయినా ఏదైనా పేపర్లో 60 వస్తే ఆ పేపరు తర్వాతి మూడు అటెంప్టులకి మళ్లీ రాయక్కర్లేదు. పైగా ఆ మార్కులు తర్వాతి సారి మొత్తంలో కలుస్తాయి. 64, 47, 36 వచ్చిందనుకోండి, 36 వల్ల గ్రూపు పోయింది. వచ్చేసారి మిగిలిన రెండు పేపర్లే రాసి, రెండిట్లో 40 తగ్గకుండా కలిపి 86 తెచ్చుకుంటే చాలు. 58 వచ్చి గ్రూపు పోయినవాడికి ఆ 58 ఎందుకూ పనికిరాదు, మూడు పేపర్లూ మొదటి నుంచి చదవాలి.

నా లెక్కలో ఇంటర్‌కి టార్గెట్ 60. ప్రతి పేపర్లో 60. అది ర్యాంకు కాదు, ఉత్త పాసూ కాదు. 60 కోసం తయారైతే పరీక్ష రోజు ఒంట్లో బాగోకపోయినా, పేపరు పొడుగ్గా వచ్చినా 50 దగ్గర ఆగుతాం. 50 కోసం తయారైన వాళ్లు అదే రోజు 40 కిందకి పోతారు.

(మూడు ఛాన్సులూ దాటాక ఆ ఎగ్జెంప్షన్ శాశ్వతంగా ఉంచుకోవచ్చు కానీ అప్పుడు మిగిలిన ఒక్కో పేపర్లో 50 రావాలి, 40 చాలదు. అంతదాకా రానివ్వకండి.)

ఆలిండియా_37
అందరూ ర్యాంకు అంటే ఏదో పిచ్చి అన్నట్టు మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. నాకు ఇంటర్లో ర్యాంకు వచ్చింది, సీఏ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించేది 50 ర్యాంకుల వరకే కదా, అందులో వచ్చింది. దాని వల్ల ఆర్టికల్‌షిప్ కోసం పెద్ద సంస్థల్లో ఇంటర్వ్యూకి పిలుపులు వచ్చాయి, మా ఊళ్లో మాకెవరూ తెలిసినవాళ్లు లేరు, సిఫారసు లేదు, ఆ ర్యాంకే నా సిఫారసు. గుమాస్తా గారి అమ్మాయికి కూడా అదే జరగొచ్చు. పరిచయాలు లేని ఇళ్ల పిల్లలకి మార్కులే పరిచయం, ఈ మాట హైదరాబాదులో నాన్నగారి ఫర్మ్ ఉన్న పిల్లలకి అర్థం కాదు.

ర్యాంకు కోసం చదివితే ఏ చాప్టరూ వదలం. ఆ అలవాటు ఫైనల్‌లో ఎఫ్ఆర్ (ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపరు) తెరిచినప్పుడు తెలుస్తుంది. ఇంటర్లో కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల లెక్కలు కలిపే చాప్టర్) వదిలేసి పాసైన నా స్నేహితులు ఫైనల్‌లో దాన్ని కొత్తగా నేర్చుకున్నారు, మిగతావాళ్లు అప్పటికే లెక్కలు చేస్తున్నారు.

గోదావరి_ఆడిటర్
బాబూ నీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. పరిచయాలు లేని పిల్లలకి మార్కులే పరిచయం అన్నావు చూడు, అది ఒప్పుకుంటున్నాను. కానీ 50 ర్యాంకులకి దేశం మొత్తం మీద ఎంతమంది రాస్తున్నారో చూడు. ర్యాంకు అనేది మన చేతిలో ఉన్న లక్ష్యం కాదు, పక్కవాళ్లు ఎంత రాశారన్న దాని మీద ఆధారపడుతుంది. 60 మన చేతిలో ఉంటుంది. ర్యాంకు రాలేదని, మంచి మార్కులతో పాసైన పిల్లలు మొహం చాటేసుకుని తిరగడం నా ఆఫీసులోనే చూశాను. అది నాకు నచ్చదు. పాసైన రోజు ఇంట్లో పండగ జరగాలి.

ఫైనాన్షియల్_డిస్ట్రిక్ట్
మా కంపెనీలో (పేరు వద్దు) క్యాంపస్ నుంచి సీఏలని తీసుకునే బృందంలో ఉన్నాను కాబట్టి లోపల జరిగేది చెప్తా. మొదట వడపోత అటెంప్టుల మీద. మొదటిసారే వచ్చాయా, రెండు గ్రూపులూ ఒకేసారా, ఇవి చూస్తారు. ర్యాంకు ఉంటే ఆ ప్రొఫైల్ పైకి వస్తుంది, కాదనను. కానీ ర్యాంకు లేని 54 శాతానికీ, ర్యాంకు లేని 61 శాతానికీ మధ్య మేం కూర్చుని తేల్చింది నేనెప్పుడూ చూడలేదు. ఇంటర్వ్యూలో అడిగేది ఆర్టికల్‌షిప్‌లో ఏం చేశావని. బ్యాంక్ రికన్సిలియేషన్ నువ్వే చేశావా, జీఎస్టీ రిటర్నులు నువ్వే దాఖలు చేశావా, స్టాక్ వెరిఫికేషన్‌కి వెళ్తే అక్కడేం చూశావు. ఇక్కడ నోరు పెగలని ర్యాంకర్లనీ చూశాను, గంటసేపు మాట్లాడి ఉద్యోగం తీసుకుపోయిన 52 శాతం వాళ్లనీ చూశాను. రెండేళ్లు దాటాక ఇంటర్ మార్కుల కాలమ్ వైపు ఎవరూ చూడరు.

అందుకని మార్కుల కన్నా అటెంప్ట్ ముఖ్యం. ర్యాంకు వస్తుందేమోనని ఈ మే వదిలేసి సెప్టెంబర్‌కి వాయిదా వేసుకోవాలనుకునేవాళ్లు ఉంటారు, అది మాత్రం చేయకండి. ఏడాదికి మూడుసార్లు పరీక్ష పెడుతున్నారు కదా అని వాయిదా వేయడం ఈ మధ్య ఎక్కువైంది.

కరీంనగర్_బ్యాంకర్
మీ చర్చలో నేను దూరుతున్న, ఏమనుకోకండి. మా దగ్గర జేఏఐఐబీకి (బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష) లెక్క మరీ సూటిగ ఉంటది. నాలుగు పేపర్లు, ఒక్కోదాంట్ల 50, లేదంటే ఒకే అటెంప్ట్‌ల అన్నిట్లో 45 తగ్గకుండ మొత్తం మీద 50 శాతం. నెగెటివ్ మార్కింగ్ లేదు. పాసైతే ఇంక్రిమెంట్ వస్తది, 52 వచ్చినా 82 వచ్చినా అదే ఇంక్రిమెంట్. పొద్దున్నుంచి కౌంటర్ల కూర్చుని రాత్రి ఇంటికొచ్చి చదివేవాళ్లకు 82 కోసం ఇంకో నెల పెట్టుమని నేను చెప్పను. ఆ నెల దాని తర్వాతి పరీక్ష సీఏఐఐబీకి పెట్టుకుంటరు. ఏ పరీక్షకైనా ఆ పైమార్కులకు బదులు ఏమొస్తదో చూసుకుని చదవాలె.

ఫ్రిస్కో_సీపీఏ
కరీంనగర్ అన్న చెప్పింది అమెరికా సీపీఏకి (అక్కడి అకౌంటెంట్ లైసెన్స్ పరీక్ష) కూడా సరిపోతుంది. 0 నుంచి 99 దాకా స్కేలు, 75 వస్తే పాస్, 75కీ 93కీ లైసెన్స్ ఒకటే. నాలుగు సెక్షన్లూ మొదటిసారే పాసై సగటు 95.50 దాటితే ఎలైజా వాట్ సెల్స్ అవార్డు అని ఇస్తారు, అది తప్ప పై మార్కులకి పెద్దగా గుర్తింపు లేదు. పైగా మొదటి సెక్షన్ పాసయ్యాక మిగతావి ఒక గడువులోపు పూర్తి చేయాలి, చాలా రాష్ట్రాల్లో అది 30 నెలలు. కాబట్టి 90 కోసం ఆగేవాళ్లకి గడియారం తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాదులో కూర్చుని ప్రోమెట్రిక్ సెంటర్లో రాసేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషకుల పరీక్ష) అయితే పాసవడానికి ఎన్ని ప్రశ్నలు సరిగ్గా చేయాలో బయటపెట్టరు, అక్కడ "సరిగ్గా సరిపడా" చదవడమన్నదే కుదరదు.

కానీ సీఏ వేరు. 60 దాటితే ఎగ్జెంప్షన్, మొత్తం మీద 50, ఒక గ్రూపు ఇంకో గ్రూపుని మోయడం, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి పై మార్కులకి అక్కడ నిజమైన విలువ ఉంది.

పల్నాడు_కామర్స్
అందరికీ చాలా థాంక్స్. 148 చదివి భయమేసింది. నేను నిజంగానే 45 దాటితే చాలనుకుంటున్నాను ఇన్నాళ్లూ. అమీర్‌పేట అన్నా, అన్నిట్లో 60 అంటే నాకు అకౌంట్స్, కాస్టింగ్, ఎఫ్ఎం (ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్)లో పర్లేదు. లా, ఆడిట్ సంగతేంటి? విషయం తెలుసు, ఇంగ్లిష్‌లో రాయడమే రాదు. తెలుగులో రాయనిస్తే ఎంత బాగుండేదో.

తెలుగు_మీడియం_సీఏ
చెల్లీ ఇది నాకోసమే అడిగినట్టుంది. సీఏ పరీక్ష ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగు లేదు. ఉండాలని నేనూ కోరుకుంటాను, కానీ మే నాటికి అది జరగదు కదా, ఉన్నదాంట్లో దారి చూద్దాం.

ఆడిట్ పేపరు దిద్దేవాళ్లకి అందమైన ఇంగ్లిష్ అక్కర్లేదు. జవాబుకి మూడు భాగాలు ఉండాలి: నిబంధన ఏం చెప్తోంది, ప్రశ్నలో ఏం జరిగింది, కాబట్టి తేలిందేంటి. ఉదాహరణకి ఒక ప్రశ్న తీసుకో. ఒకాయన్ని కంపెనీకి ఆడిటర్‌గా నియమించారు, ఆయన భార్య పేరిట అదే కంపెనీ షేర్లు ఉన్నాయి, ముఖవిలువ 90,000, మార్కెట్ విలువ మూడు లక్షలు. ఆయన అర్హుడా కాదా? నిబంధన: కంపెనీల చట్టం 2013, సెక్షన్ 141(3)(డి), ఆడిటర్ గానీ ఆయన బంధువు గానీ ఆ కంపెనీ షేర్లు పెట్టుకోకూడదు, అయితే బంధువుకి లక్ష రూపాయల ముఖవిలువ దాకా మినహాయింపు ఉంది. జరిగింది: భార్య బంధువే, ముఖవిలువ 90,000, లక్షకి లోపే. మార్కెట్ విలువ మూడు లక్షలు అని ఇచ్చింది నిన్ను పక్కదారి పట్టించడానికి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని ఒక వాక్యం రాయాలి. తేలింది: ఆయన అనర్హుడు కాడు. ఇంతే. ఐదారు చిన్న వాక్యాలు. ఒక్కో వాక్యంలో ఒక్క క్రియ పెట్టుకో, "విచ్" లూ "వేర్‌యాజ్" లూ వద్దు.

సెక్షన్ నంబరు నూటికి నూరు శాతం గుర్తుంటేనే రాయి. తప్పు నంబరు రాసేకన్నా "కంపెనీల చట్టం ప్రకారం" అని రాసి విషయం సరిగ్గా చెప్పడం మేలు. నేను రోజూ రాత్రి ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సజెస్టెడ్ ఆన్సర్ ఒకటి తీసి, చూడకుండా రాసి, తర్వాత పక్కన పెట్టుకుని పోల్చేదాన్ని. ఏ పదాలు వాళ్లు వాడారో అవే మళ్లీ మళ్లీ రాస్తే చేతికి వచ్చేస్తాయి. చదవడం వల్ల రాదు చెల్లీ, చేత్తో రాయాలి. తెలుగు మీడియం వాళ్లం అర్థం చేసుకోవడంలో ఎవరికీ తీసిపోం, మనకి చేయి తిరగాలంతే.

లెక్కల_మనిషి
దీనికి ఎంసీక్యూ (ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే ప్రశ్న) లెక్క కలుపుతా. ఇంటర్ పేపర్లలో 30 మార్కులు ఎంసీక్యూలే, అక్కడ ఇంగ్లిష్ రాయాల్సిన పనే లేదు, ఫౌండేషన్‌లోని మ్యాథ్స్, ఎకనామిక్స్ పేపర్లలో ఉన్నట్టు నెగెటివ్ కూడా లేదు. ఆడిట్‌లో ఆ 30లో 22 తెచ్చుకుంటే, రాసే 70లో 28 వచ్చినా 50. రాసే దాంట్లో 38 వస్తే 60. తెలుగు మీడియం వాళ్లు ఎంసీక్యూల మీద ముందు పట్టు సాధించాలి, అక్కడ అందరూ సమానమే.

ఆలిండియా_37
తెలుగు మీడియం అక్క పోస్టు సేవ్ చేసుకున్నాను, మా తమ్ముడికి పంపాను.

ఒక్కటి మాత్రం అడుగుతా. 60 టార్గెట్ అనేవాళ్లు చివరికి చేసేది ఏబీసీ అనాలిసిస్ (చాప్టర్లని ప్రాధాన్యం బట్టి ఏ, బీ, సీలుగా విడగొట్టడం) వేసుకుని సీ చాప్టర్లు వదిలేయడమే కదా? అందరూ అలాగే చేస్తారు.

అమీర్‌పేట_ఆర్టికల్
కాదన్నా. ఏబీసీ అనేది ఎంత టైం పెట్టాలో చెప్పేది, ఏది వదలాలో కాదు. ఎంసీక్యూలు ఎక్కడి నుంచైనా వస్తాయి కాబట్టి సీ చాప్టర్లు కనీసం ఒకసారి చదివి ఉండాలి. రాసేదాంట్లో ఛాయిస్ ఉంటుంది కదా అని రెండు పెద్ద చాప్టర్లు వదిలేస్తే, ఆ రెండూ మొదటి కంపల్సరీ ప్రశ్నలోనే పడితే ఇక అంతే. ట్యాక్స్‌లో జీఎస్టీ మొత్తం పక్కన పెట్టి ఇన్‌కమ్ ట్యాక్స్‌తో గట్టెక్కుదామనుకునేవాళ్లు ఉన్నారు, చెరో 50 మార్కులు, ఒక్కదానితో 40 దాటాలంటే అందులో 80 శాతం రావాలి. అది ర్యాంకర్లకే కష్టం.

ర్యాంకు మనస్తత్వం అవసరం లేని చోటు కూడా చెప్తా. ఆర్టికల్‌షిప్‌లో సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్ (మన వీలు చూసుకుని సొంతంగా చదివి పరీక్ష రాసే పాఠాలు) నాలుగు సెట్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో 50 శాతం వస్తే చాలు. అక్కడ 90 కోసం కూర్చోకు, ఆ టైం ఆడిట్ పనికి పెట్టు.

ఒక_తల్లి_విజయవాడ
మా అబ్బాయి కూడా ఇంటర్ రాస్తున్నాడు అందుకని అన్నీ చదువుతున్నాను. ఒకటి అడగొచ్చా అండీ, రెండు మార్కుల్లో పోతే రీవాల్యుయేషన్ పెట్టుకోవచ్చు కదా? మా ఇంట్లో అందరూ అదే ధైర్యంతో ఉన్నారు.

గోదావరి_ఆడిటర్
లేదమ్మా. వెరిఫికేషన్ ఉంది, రిజల్ట్ వచ్చిన నెలలోపు పెట్టుకోవాలి, అందులో చూసేది ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా, మొత్తం కూడికలో పొరపాటు ఉందా అని మాత్రమే. జవాబు పత్రం కాపీ కూడా తెప్పించుకోవచ్చు. కానీ ఆరు మార్కుల జవాబుకి మూడే వేశారు, ఇంకోటి వేయాలి అంటే వినరు. దిద్దేవాళ్ల చేతిలో రెండు మూడు మార్కులు అటూ ఇటూ అవడం ఏ రాత పరీక్షలోనైనా ఉంటుంది, మనం 150 గీత మీద నిలబడితే ఆ రెండు మార్కులు మన జీవితంలో ఒక అటెంప్ట్ తీసేస్తాయి. రెండు గ్రూపులూ అయితేనే ఆర్టికల్‌షిప్ మొదలవుతుంది, అది రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలకి ఫైనల్. ఇక్కడ ఒక అటెంప్ట్ పోతే ఇవన్నీ వెనక్కి జరుగుతాయి. నేను పాస్ చాలు అన్నది అందుకే సగం మాట, ఆ గీతకి దూరంగా ఉండి పాసవ్వాలి. అబ్బాయిని మాత్రం రోజూ మార్కులు అడగకండి, అన్నం తిన్నాడా అని అడగండి చాలు.

ఒక_తల్లి_విజయవాడ
సరేనండి, ఆయనతో కూడా చెప్తాను.

పల్నాడు_కామర్స్
నాన్నగారికి ఫోన్లో చెప్పాను, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ సర్ రాసింది చదివి వినిపించాను. "అయితే రెండు గ్రూపులూ ఒకేసారి రావడమే ర్యాంకు అనుకుందాం" అన్నారు. నేను పేపర్లవారీగా రాసుకున్నాను: అడ్వాన్స్‌డ్ అకౌంట్స్ 65, లా 52, ట్యాక్స్ 58, కాస్టింగ్ 65, ఆడిట్ 50, ఎఫ్ఎం ఎస్ఎం (ఫైనాన్షియల్, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్) 60. మొత్తం 350. ఇది ఎక్కువ ఆశపడుతున్నట్టా?

లెక్కల_మనిషి
లేదు, బావుంది. అందులో 50 మార్కులు తగ్గినా 300 ఉంటాయి, 40 కిందకి ఏదీ పోకూడదు అంతే. ఆ లెక్కన నువ్వు కాపలా కాయాల్సింది ఆడిట్, లా మాత్రమే, కాస్టింగ్‌లో 65 ని 75 చేయడానికి ఇంకో రెండు వారాలు పెట్టకు. మాక్ టెస్టులు మాత్రం మూడు గంటలు కదలకుండా కూర్చుని రాయి, ముందు 15 నిమిషాల రీడింగ్ టైంలో ఏ ప్రశ్న వదలాలో తేల్చుకోవడం కూడా ప్రాక్టీస్ చేయి.

తెలుగు_మీడియం_సీఏ
చెల్లీ, ఆదివారం ఆడిట్ మాక్ రాశాక ఏదైనా రెండు జవాబులు ఫోటో తీసి ఇక్కడ పెట్టు. నేను దిద్ది పెడతాను. ఎస్ఏ 230, ఎస్ఏ 500 (ఆడిట్ ప్రమాణాలు) మీద ప్రశ్నలైతే మరీ మంచిది, నీకు ఇంగ్లిష్ ఎక్కడ ఆగుతోందో అక్కడే తెలుస్తుంది.

పల్నాడు_కామర్స్
తప్పకుండా అక్కా. ఆదివారం సాయంత్రం పెడతాను.